రిసార్టులో విశ్రాంతి విశ్వాసికి తగునా?



పోయిన బుధవారం బైబిలు స్టడీ అయ్యాక ఒక యౌవనస్థుడు లేచి, "అయ్యగారూ, అంతంత డబ్బు పోసి దీవుల్లో రిసార్టులకు వెళ్ళడం విశ్వాసికి తగునా?" అని అడిగాడు. అడిగినవాడు ఒక్కడే గాని, ఆ మాట మన సంఘంలో నెల రోజులుగా నలుగుతోంది. ఎవరిని గురించో కూడా అందరికీ తెలుసు. ఆ కుటుంబాన్ని అడిగి, సరేనన్నాకే రాస్తున్నాను. పేర్లు రాయను.

కొడుకు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. జనవరిలో తల్లిదండ్రులను అండమాన్ తీసుకువెళ్ళి, స్వరాజ్ దీవిలో సముద్రం ఒడ్డునున్న పెద్ద రిసార్టులో నాలుగు రాత్రులు ఉంచాడు. గదికి రాత్రికి 20 వేల పైచిలుకు అయిందట. ఫొటోలు వాట్సాప్ గ్రూపులోకి వచ్చాయి. అక్కడ మొదలైంది. "2018లో తిత్లీ తుఫానుకు ఎగిరిపోయిన మందిరం రేకులకు ఇప్పటికీ అతుకులే వేస్తున్నాం, ఆ డబ్బులో సగం ఇచ్చినా పైకప్పు లేచేది" అన్నవాళ్ళు కొందరు. "దేవుడు వాళ్ళను ఎంత హెచ్చించాడో చూడండి, ఆదివారం సాక్ష్యం చెప్పించండి" అన్నవాళ్ళు మరికొందరు. ఒకరు దాన్ని పాపం ఖాతాలో వేశారు, ఇంకొకరు ఆశీర్వాదం ఖాతాలో వేశారు. నాకు రెండు ఖాతాలూ సరిగ్గా లేవనిపించింది.

ముందు ఆ చోటు సంగతి చెప్పాలి. ఎందుకంటే మనలో చాలామందికి అండమాన్ అంటే పోర్ట్ బ్లెయిర్‌లో తాపీ పనికో, బోటు మీద వేటకో వెళ్ళిన బంధువు గుర్తొస్తాడు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి తరతరాలుగా వెళ్ళినవాళ్ళున్నారు. 2011 జనాభా లెక్కల్లో ఆ దీవుల్లో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగు. అంటే అది మనకు పరాయి చోటేమీ కాదు. పోర్ట్ బ్లెయిర్‌కు ఇప్పుడు శ్రీ విజయపురం అని పేరు పెట్టారు. అక్కడి నుంచి ఈశాన్యంగా సముద్రంలో 40 కిలోమీటర్లు వెళితే స్వరాజ్ దీవి వస్తుంది. ప్రైవేటు పడవలో గంటన్నర, ప్రభుత్వ పడవలో అయితే ఇంకాస్త ఎక్కువ ప్రయాణం. 2011లో ఆ దీవి మొత్తం జనాభా ఆరు వేల చిల్లర. మన మండల కేంద్రంలో సంతరోజు అంతకంటే ఎక్కువమంది తిరుగుతారు. ఎక్కువమంది 1950లలో తూర్పు బెంగాల్ నుంచి కాందిశీకులుగా వచ్చి, అడవి కొట్టుకుని వరి, కొబ్బరి వేసుకున్న కుటుంబాలవాళ్ళు. వాళ్ళ ఊళ్ళ పేర్లు గోవింద నగర్, శ్యామ్ నగర్, కృష్ణ నగర్, రాధా నగర్. ఆ రాధానగర్ తీరాన్నే 2004లో టైమ్ పత్రిక ఆసియాలో మేటి తీరమని రాసింది. అప్పటి నుంచి ఆ దీవి తలరాత మారిపోయింది.

2018 డిసెంబరు దాకా ఆ దీవి పేరు హేవ్‌లాక్. ఈ హేవ్‌లాక్ ఎవరో మన సంఘాల్లో చాలామందికి తెలియదు. 1857లో కాన్పూరు, లక్నోల దగ్గర యుద్ధం నడిపిన ఆంగ్ల సేనాని. గట్టి బాప్టిస్టు. శ్రీరాంపురం మిషనరీ జాషువా మార్ష్‌మన్‌కు స్వయానా అల్లుడు. తన సైనికులను కూర్చోబెట్టి బైబిలు పాఠాలు చెప్పేవాడు. పేరు మార్చినందుకు నాకేమీ దిగులు లేదు లెండి. చేతిలో బైబిలు ఉన్నంత మాత్రాన ఆ చేయి చేసిన పనులన్నీ మనం మోయనక్కరలేదు.

ఇంకో సంగతి. ఒకప్పుడు అండమాన్ అంటే శిక్ష. సెల్యులార్ జైలు కట్టడం 1906లో పూర్తయింది. ఖైదీల చేత గానుగ తిప్పించి కొబ్బరినూనె తీయించేవారు. అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గాం మల్లుదొరను కూడా శిక్ష వేసి అక్కడికే పంపారు. స్వాతంత్ర్యం వచ్చాక ఆయన విశాఖ నుంచి పార్లమెంటుకు వెళ్ళారు. మనుషులను పనిచేయించి చంపడానికి పంపిన దీవులకు ఇప్పుడు మనం పని మరచిపోవడానికి వెళుతున్నాం. బైబిల్లో చూసినా యోహానుకు పత్మాసు ద్వీపం చెర. పౌలుకు మెలితే ద్వీపం ఓడ పగిలితే దొరికిన ఆశ్రయం. సేద తీరడానికి ద్వీపానికి వెళ్ళినవాళ్ళెవరూ నాకు అందులో కనబడలేదు. అంతమాత్రాన అది తప్పైపోదు. బైబిల్లో రైలు కూడా లేదు.

ఇప్పుడు ఆ తల్లి మాటకు వస్తాను.

ఆమె 30 ఏళ్ళకు పైగా జీడి పిక్కలు కొట్టింది. మన ఉద్దానంలో పుట్టినవాళ్ళకు ఆ మాటకు అర్థం చెప్పక్కరలేదు. బయటివాళ్ళు చదువుతుంటే వాళ్ళకోసం చెబుతాను. కాల్చిన పిక్కను ఒక్కొక్కటే పగలగొట్టి పప్పు తీయాలి. ఆ పిక్క పెంకులోని సొన చర్మానికి తగిలితే కాలుతుంది. బూడిదో నూనెో రాసుకుని కూర్చున్నా వేళ్ళు నల్లబడి, తోలు ఊడిపోతుంది. కిలోకు ఇంత అని కూలి. చేయి ఆగితే కూలి ఆగుతుంది. ఆ పిల్లవాడి ఇంజనీరింగు ఫీజు ఆ వేళ్ళలోంచే వచ్చింది. ఆమె ఇంటికి బారువ సముద్రం పట్టుమని పది కిలోమీటర్లుండదు. ఇన్నేళ్ళలో ఆ ఒడ్డున ఊరకే కూర్చున్న రోజు ఒక్కటి కూడా లేదని ఆమే చెప్పింది. సముద్రం దగ్గరికి వెళితే చేపలకు వెళ్ళింది, లేదా బాప్తిస్మాల ఆరాధనకు వెళ్ళింది. అక్కడ కూడా అందరికీ పులిహోర పొట్లాలు ఆమే కట్టింది.

రిసార్టులో మొదటి రోజు ఆమెకు ఏమీ తోచలేదట. "కూకోడం రాలేదండి అయ్యగారూ" అంది. నవ్వుతూనే అంది గాని, నాకు నవ్వు రాలేదు. తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ వచ్చేసింది. దుప్పట్లు మడత పెట్టేసింది. వరండా ఊడుద్దామని చీపురు కోసం వెతికింది. గది సర్దే అబ్బాయి వచ్చేసరికి సర్దడానికి ఏమీ మిగలలేదు. ఆ అబ్బాయి కంగారుపడి, "అమ్మా, ఇలా చేస్తే మా సూపర్‌వైజరు నన్నంటాడు" అన్నాడట. తెలుగులోనే. పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్ పిల్లవాడు. తాతల కాలంలో సోంపేట వైపు నుంచి వెళ్ళిన కుటుంబం.

రెండో రోజు సాయంత్రం ఆమెను రాధానగర్ తీరానికి తీసుకువెళ్ళారు. అది పడమటి వైపు తిరిగి ఉంటుంది. మన తీరంలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు గాని సముద్రంలోకి దిగడు కదా. ఆమె జీవితంలో అది మొదటిసారి చూసింది. అండమాన్ మనకంటే బాగా తూర్పున ఉన్నా గడియారం మాత్రం మనదే. అందుకని జనవరిలో సాయంత్రం ఐదున్నర కాకముందే చీకటి పడుతుంది. "ఇంత పెందలాడే పొద్దుగూకితే ఇంకేం పని చేస్తారు, పడుకోవాల్సిందే" అనుకుందట. ఆ రాత్రి పడుకుని మర్నాడు ఎనిమిదింటికి లేచింది. భర్త భయపడి నుదుటి మీద చేయి పెట్టి చూశాడు, జ్వరమేమోనని. యాభై ఎనిమిదేళ్ళ మనిషి పొద్దెక్కేదాకా నిద్రపోతే ఇంట్లోవాళ్ళకు జ్వరం అనిపించింది. అంతవరకూ ఆమె బతుకు ఎలా గడిచిందో చెప్పడానికి నాకు వేరే సాక్ష్యం అవసరం లేదు.

అందుచేత మందిరం రేకుల లెక్క చెప్పేవాళ్ళతో నేను ఏకీభవించను. బేతనియలో మరియ ప్రభువు పాదాలకు అత్తరు పూసినప్పుడు, అది అమ్మితే 300 దేనారాలు వచ్చేవి, బీదలకు ఇవ్వొచ్చు కదా అన్న మాట వచ్చింది. దేనారమంటే ఆ రోజుల్లో ఒక రోజు కూలి. అంటే దాదాపు ఏడాది కూలి. ఆ లెక్క తప్పేమీ కాదు. కానీ ప్రభువు ఆ స్త్రీని ఆపలేదు. ఆపాలనుకున్నవాళ్ళనే ఆపాడు. ఒక కొడుకు తల్లి అరచేతులు చూసి, ఈ చేతులకు నాలుగు రోజులు పని ఉండకూడదు అనుకోవడం అలాంటిదే అని నా అభిప్రాయం. రేకులకు అతనేమీ ఇవ్వలేదని కూడా కాదు. ఎంత ఇచ్చాడో కోశాధికారికి తెలుసు. అడగకుండానే అందరూ లెక్కలు కట్టారు.

ఇక సాక్ష్యం చెప్పించమన్నవాళ్ళ సంగతి. దీనికి నేను ఒప్పుకోలేదు, ఆ తల్లి కూడా ఒప్పుకోలేదు. రిసార్టు గది దేవుని ఆశీర్వాదానికి కొలత అయితే, ఆమెతో పాటు అదే బల్ల దగ్గర కూర్చుని పిక్కలు కొట్టి, ఈ రోజుకీ కొడుతున్న మిగతా ఆడవాళ్ళు ఏమనుకోవాలి? వాళ్ళ ప్రార్థనలో ఏం లోపం వచ్చింది? వేదిక ఎక్కి ఆ మాట అనిపిస్తే, వెనుక చాప మీద కూర్చున్న పదిమంది గుండెల్లో మనమే ముల్లు గుచ్చినట్టవుతుంది.

విశ్రాంతి మన బైబిల్లో బహుమానంగా రాలేదు. ఆజ్ఞగా వచ్చింది. నిర్గమకాండం 20వ అధ్యాయం తీసి, ఆ ఆజ్ఞ ఎవరెవరికో వేలు పెట్టి చదవండి. యజమాని ఒక్కడితో ఆగదు. కొడుకు, కూతురు, పనివాడు, పనికత్తె, పశువులు, ఊళ్ళో ఉండే పరదేశి దాకా వెళుతుంది. 23వ అధ్యాయంలో ఎద్దు, గాడిద కూడా ఉన్నాయి. ద్వితీయోపదేశకాండం 5వ అధ్యాయంలో కారణం కూడా ఉంది. మీరూ ఐగుప్తులో బానిసలుగా ఉన్నవాళ్ళే, అది మరచిపోకండని. అంటే నేను విశ్రమిస్తూ, నా విశ్రాంతి కోసం ఇంకొకడిని ఎడతెగక తిప్పితే అది ఆ ఆజ్ఞలోని విశ్రాంతి కాదు.

అందుకే, రిసార్టుకు వెళ్ళొచ్చా అని అడిగిన ఆ తమ్ముడికి నా జవాబు: వెళ్ళు. కానీ ఆ తల్లి అడిగినట్టు నువ్వూ అడుగు. మూడో రోజు ఆమె గది సర్దే అబ్బాయిని, "నీకు సెలవెప్పుడు నాయనా?" అని అడిగిందట. వారానికో సెలవు ఉందమ్మా, కానీ సీజన్లో జనం ఎక్కువ కదా, అవి దాచుకుని వానాకాలంలో ఒకేసారి తీసుకుని ఇంటికి పోతాం అన్నాడు. అక్కడ మే నెల నుంచి చాలా నెలలు వానలే, అప్పుడు యాత్రికులు తగ్గుతారు. అది అన్యాయమని నేను తీర్పు చెప్పడం లేదు. ఆ అబ్బాయికి జీతం, భోజనం, ఉండడానికి గది ఉన్నాయి. వాళ్ళ నాన్న బోటు మీద పడిన కష్టంతో పోలిస్తే మేలే అన్నాడట. నేను పట్టించుకున్నది ఆ ప్రశ్నను. అన్ని వేలు కట్టి దిగినవాళ్ళలో ఎంతమంది ఆ మాట అడిగి ఉంటారు? 30 ఏళ్ళు సెలవు ఎరగని మనిషికే అది తట్టింది.

ఆ దీవి మీద రాజన్ అనే ఏనుగు ఉండేది. చాలామంది ఇంటర్నెట్‌లో ఫొటో చూసే ఉంటారు, సముద్రంలో నీటి అడుగున కాళ్ళు ఆడిస్తూ ఈదుతుంటుంది. దాన్ని 1970లలో దుంగలు లాగడానికి అండమాన్ తీసుకొచ్చారు. దీవి నుంచి దీవికి వెళ్ళడానికి ఈత నేర్పారు. 2002లో సుప్రీంకోర్టు ఆదేశాలతో అక్కడ చెట్ల నరికివేతకు చాలావరకు అడ్డుకట్ట పడింది, దాని పని కూడా పోయింది. తరువాత ఒక రిసార్టువాళ్ళు దాన్ని తమ దగ్గరే ఉంచుకున్నారు. దానితో పాటు ఈదడానికి డబ్బు కట్టి వచ్చేవాళ్ళుండేవారు. ముసలితనంలో అదీ మానిపించి ఊరకే అడవిలో, ఒడ్డున తిరగనిచ్చారు. 2016లో చనిపోయింది. అప్పటికి 60 ఏళ్ళు దాటాయి. ఎద్దు, గాడిద దాకా వెళ్ళిన ఆజ్ఞ ఏనుగు దాకా వెళ్ళకుండా ఉంటుందా? కానీ ఆ జంతువుకు పని ఆగిన తరువాత కూడా చాలాకాలం వేడుక ఆగలేదు. మన ఇళ్ళలో ముసలి తల్లులు నాకు గుర్తొచ్చారు. కూలి మానిపిస్తాం. వెంటనే మనవలను అప్పజెబుతాం.

ఇంకా చెప్పాల్సింది ఇక్కడి సంగతి. స్వరాజ్ దీవి రిసార్టు మీద గట్టిగా మాట్లాడినవాళ్ళలో జీడి బట్టీలున్న సహోదరులు కూడా ఉన్నారు. పేరు ఎత్తను, వాళ్ళూ ఈ వ్యాసాలు చదువుతారు. ఏప్రిల్, మే నెలల్లో కొత్త పిక్క వచ్చినప్పుడు ఆదివారం కూడా మధ్యాహ్నం దాకా బట్టీ నడుస్తుంది. ఆరాధన పదిన్నరకు మొదలైతే, ఆ ఆడవాళ్ళు ముగింపు ప్రార్థనకు వస్తారు, ఒక్కోసారి అదీ ఉండదు. సహోదరుడు మాత్రం మొదటి వరుసలో ఉంటాడు. కూలికి వచ్చేవాళ్ళే పని కావాలంటారు అయ్యగారూ అని నాతో అన్నారు. నిజమే, అంటారు. కిలో లెక్కన కూలి ఇచ్చినప్పుడు ఎవరైనా అంటారు. ఆరు రోజుల పనికి ఏడు రోజులు గడిచే కూలి ఇచ్చి, అప్పుడు అడిగి చూడమన్నాను. ఆ సంభాషణ ఇంకా ముగియలేదు. నేనూ వదలను.

మన మందిరంలోనూ ఒక సంగతి ఉంది. ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల అయ్యాక ప్రేమవిందు పెడతాం. ఉదయం ఐదింటికి పొయ్యి వెలిగించేది ఎవరు? ఉల్లిపాయలు కోసేది, అన్నం వార్చేది, వాక్యం జరుగుతుండగా కిటికీ అవతల నుంచి సగం సగం వినేది, చివరన అడుగంటింది తినేది, ఆ తరువాత గిన్నెలు తోమేది ఎవరు? అక్కడ కూడా ఆ తల్లి ఉంది. నాలుగు రాత్రులు దీవిలో ఉండి వచ్చిన మరుసటి ఆదివారమే ఆమెను పొయ్యి దగ్గర చూశాను.

దైవసేవకులకు కూడా ఒక మాట. "నేను పదేళ్ళలో ఒక్క రోజు సెలవు తీసుకోలేదు" అని వేదికల మీద గొప్పగా చెప్పుకునేవారిని విన్నాను. మార్కు సువార్త 6వ అధ్యాయంలో శిష్యులకు అన్నం తినడానికి కూడా తీరిక లేకపోతే, జనం లేని చోటికి పోయి కాస్త అలసట తీర్చుకుందామని పిలిచింది ప్రభువే. జనం అక్కడికీ ముందే చేరుకున్నారు, ఆయన వాళ్ళ మీద కనికరపడ్డాడు, అది వేరే సంగతి. కానీ పిలిచిన మాట నిజం. తుఫానులో దోనె వెనుక భాగాన తలగడ మీద నిద్రపోయింది కూడా ఆయనే. ఆయన కంటే ఎక్కువ పని మనకేముంది?

రిసార్టుకు వెళ్ళే స్తోమత ఉన్నవాళ్ళు మన సంఘంలో నలుగురైదుగురుంటారు. వెళ్ళేటప్పుడు ఇంట్లో ఎన్నడూ కూర్చోని మనిషిని ముందు తీసుకెళ్ళండి. గదిలో ఊరకే నీళ్ళు పారబోయకండి, చిన్న దీవిలో మంచినీటికి వానే ఆధారం. గది సర్దినవాడికి వచ్చేటప్పుడు చేతిలో ఏదైనా పెట్టండి, పేరు అడగండి. ఫొటో గ్రూపులో పెట్టాలా వద్దా అన్నది మీ ఇష్టం. వెళ్ళలేనివాళ్ళకు బారువ ఉంది, మనిషికి రానుపోను బస్సు చార్జీ వంద కూడా దాటదు. ఒక సాయంత్రం అక్కచెల్లెళ్ళు మాత్రమే వెళ్ళిరండి, పులిహోర కట్టకుండా.

పోయిన శనివారం సంఘ పెద్దల ముందు ఒక మాట పెట్టాను. కాస్త గొడవ అయింది గాని ఒప్పుకున్నారు. వచ్చే నెల మొదటి ఆదివారం ప్రేమవిందు మగవాళ్ళు వండాలి. సాంబారు ఎవరికీ రాదు కాబట్టి పప్పు, వంకాయ కూర, పెరుగుతో సరిపెట్టుకుందాం. పెద్ద గుండిగ మా ఇంట్లో ఉంది, శనివారం సాయంత్రం ఇద్దరు వచ్చి తీసుకెళ్ళాలి. కట్టెలు కొట్టడానికి యౌవనస్థులు పేర్లు ఇవ్వండి. ప్రశ్న అడిగిన తమ్ముడి పేరు నేనే రాసేశాను. గిన్నెలు కూడా తోమేది మనమే. ఆడవాళ్ళు ఆ రోజు పదిన్నరకు వచ్చి ముందు వరుసల్లో కూర్చుంటే చాలు. ఆ తల్లి అప్పుడే నన్ను అడిగింది, "అన్నం వార్చడమైనా నన్ను చేయనివ్వండి అయ్యగారూ, మీరు మాడ్చేస్తారు" అని. వద్దన్నాను.